రెండు చెంచాల శాంపిల్

ఆదివారం పొద్దున సూపర్వైజరు గారి పథకం చాలా చిన్నది. సంచి పట్టుకుని బజారుకు వెళ్ళడం, బీన్సూ క్యారెట్టూ కాలీఫ్లవరూ తేవడం, మైక్రోవేవ్‌లో ఉడికించి ఒంటిగంటకల్లా భార్య ముందు పెట్టడం, ఆవిడ పళ్ళెం ఖాళీ చేయడం. అంతే. ఆ ఒక్క పూట గట్టెక్కితే ఇకమీదట ప్రతి ఆదివారం వంటిల్లు ఆయనది. గట్టెక్కకపోతే ఈ జన్మకు ఆ గడప తొక్కకూడదు.

ఆయన ఓ పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళుగా సూపర్వైజరు. రోజూ ఎనిమిది వందల మందికి భోజనం పెట్టిస్తారు. పెట్టించడమే తప్ప వండింది లేదు. గరిటె పట్టుకోబోతే వంటవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. పోనీ ఇంట్లోనైనా సరదా తీర్చుకుందామంటే, ముందు గదిలో మిషను పెట్టుకుని ఊరందరి బట్టలూ కుట్టే భార్య ఒప్పుకోదు. "మిమ్మల్ని నా కత్తెర ముట్టుకోనిస్తానా? గరిటె మాత్రం ఎందుకు ముట్టుకోనివ్వాలి?" అంటుంది. అలా నలుగురికీ వండి పెట్టాలన్న కోరిక ఆయన కడుపులోనే ఉండిపోయింది.

పోయిన నెల ఆఫీసువాళ్ళు ఆయన్ని ఆహార భద్రత మీద మూడు రోజుల శిక్షణకు పంపారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చేటప్పుడు జేబులో సూది లాంటి మొన ఉన్న థర్మామీటరూ, గుండెలో బోలెడు ధైర్యమూ ఉన్నాయి. పది నిమిషాల పనేనంటూ వారం రోజులు భార్య చుట్టూ తిరిగి బతిమాలారు. చివరికి ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తీర్పు చెప్పింది.

"సరే, వారం రోజులు ఇస్తున్నాను. ఎవరూ కడుపులో నొప్పి అనకూడదు. పళ్ళెంలో ఎవరూ ముక్క వదలకూడదు. ఆఖరి రోజు ఆదివారం. ఆ రోజు కూడా సాఫీగా జరిగితే ఆదివారాలు మీవి."

ఆయన వెంటనే క్యాంటీన్‌కు వారం సెలవు పెట్టేశారు. పెట్టి, వంటింటిని క్యాంటీన్ చేసేశారు. క్యాంటీన్‌లో ఓ రూలుంది. ఏది వండినా అందులోంచి రెండు చెంచాలు చిన్న డబ్బాలోకి తీసి, మూత పెట్టి, పేరూ వారమూ పూటా రాసి అంటించి, మూడు రోజులు ఫ్రిజ్‌లో దాచాలి. ఎవరికైనా కడుపు చెడితే తప్పు ఏ వంటకానిదో ఆ శాంపిల్ పరీక్ష చేసి తేలుస్తారు. ఎనిమిది వందల మంది తినే చోట అది మంచి రూలే. ఇంట్లో తినేది ఇద్దరు, అందులో ఒకరు వండినాయనే. అయినా రూలు రూలే అన్నారు సూపర్వైజరు గారు. ఆదివారానికి ఫ్రిజ్ నడిమి అరలో పన్నెండు డబ్బాలు బడిపిల్లల్లా వరుస కట్టి నిలబడ్డాయి.

ఆయన బజారుకు వెళ్ళిన అరగంటలో ఆయన అక్కగారు వచ్చింది. కొత్త జాకెట్టు కొలతకు వచ్చింది. మంచినీళ్ళ కోసం తనే వెళ్ళి ఫ్రిజ్ తెరిచింది. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. ఏ కాయితం కనబడినా చదవకుండా వదలదు.

"గురువారం రాత్రి. బీన్సు. పారేయకూడదు." "శుక్రవారం మధ్యాహ్నం. క్యాబేజీ. ఎవరూ ముట్టుకోకూడదు." "శనివారం రాత్రి. క్యారెట్. పారేయకూడదు."

మూత తీసి చూసింది. రెండంటే రెండే చెంచాలు. అక్కగారి గుండె జారిపోయింది. రెండు చెంచాల కూర కూడా మర్నాటికి దాచుకునే గతి పట్టిందా తమ్ముడికి! మెల్లగా ముందు గదిలోకి వచ్చి మరదలి ఎదుట నిలబడింది. మరదలు అప్పుడే నోట్లో అరడజను గుండుసూదులు బిగించి భుజాల దగ్గర కొలత సరిచేస్తోంది.

"తమ్ముడు డ్యూటీకి వెళ్తున్నాడామ్మా?"

మరదలు అడ్డంగా తల ఊపింది.

"ఎన్నాళ్ళుగా?"

ఒక చెయ్యి ఐదు వేళ్ళూ చూపించి, ఇంకో చెయ్యి రెండు వేళ్ళు చూపించింది.

"మరి ఇంట్లో ఏం చేస్తున్నాడు?"

మరదలు గరిటె తిప్పుతున్నట్టు అభినయించి, కళ్ళు పైకెత్తి నిట్టూర్చింది. సూదులు నోట్లో ఉన్న మనిషి అంతకన్నా చెప్పలేదు. అక్కగారికి అంతకన్నా అక్కర్లేదు. వాడి ముఖం మీద అడిగితే అభిమానం దెబ్బతింటుందని గుట్టుగా ఇంటికి వెళ్ళిపోయి, ముందు పొయ్యి వెలిగించింది, తర్వాత చిన్న తమ్ముడికి ఫోను చేసింది.

"ఒరే, అన్నయ్య ఉద్యోగం పోయిందిరా. పైకి చెప్పుకోలేక లోపల్లోపల కుమిలిపోతున్నాడు. ఏదైనా వండించుకుని పన్నెండున్నరకు రా. ఊరికే ఇటుగా వెళ్తూ వచ్చామందాం. వాళ్ళింట్లో మాత్రం ముద్ద ముట్టకు. ఉన్న కాస్తా మనమే తినేస్తే పాపం!"

పన్నెండున్నరకు సూపర్వైజరు గారు తలుపు తీసేసరికి గుమ్మంలో అక్కగారు, వెనక బావగారు, ఆయన వెనక చెప్పుల దుకాణం నడిపే తమ్ముడు. ముగ్గురి చేతుల్లోనూ స్టీలు గిన్నెలు.

"ఊరికే, ఇటుగా వెళ్తూ..." అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

సూపర్వైజరు గారికి కళ్ళు చెమ్మగిల్లాయి. తన పరీక్ష సంగతి ఎలాగో తెలిసి, రుచి చూసి మెచ్చుకోవడానికి వచ్చారనుకున్నారు. ఇద్దరికని కోసిన ముక్కలకు ఐదుగురికి సరిపడా జోడించి, ఆ సంబరంలో అన్నీ ఒకే గాజు పాత్రలో గోపురంలా పోసేశారు. శిక్షణలో మొదటి రోజు మొదటి గంటలోనే చెప్పారు, ముక్కలు పలుచగా పరచాలని. సంబరంలో ఉన్న మనిషికి మొదటి గంట ఎక్కడ గుర్తుంటుంది?

ఆరు నిమిషాల తర్వాత తీసి నడిమధ్యన థర్మామీటరు గుచ్చారు. యాభై రెండు డిగ్రీలు. మధ్య దాకా ఉడికిందనాలంటే డెబ్బై నాలుగు దాటాలి. మళ్ళీ పెట్టారు, మళ్ళీ గుచ్చారు. అరవై ఒకటి.

"ఏం చూస్తున్నాడక్కా?" అని తమ్ముడు చెవిలో అడిగాడు.

"ఎంత కరెంటు కాలిందో చూసుకుంటున్నాడు కాబోలురా," అని అక్కగారు కళ్ళొత్తుకుంది.

మూడో విడతకు అంకె డెబ్బై తొమ్మిది చూపించింది. అంచుల్లో ఉన్న కాలీఫ్లవరు కొంచెం గుజ్జయింది గాని, మధ్యలో క్యారెట్టు రంగు చెక్కుచెదరలేదు. పైన కాస్త వెన్న, మిరియాల పొడి చల్లి ఐదు పళ్ళేల్లో వడ్డించారు.

"మేం తినే వచ్చాంరా," అంది అక్కగారు పళ్ళెం పక్కకు జరిపి.

"నేనూ తినేశానన్నయ్యా. మెడ దాకా ఉంది," అన్నాడు తమ్ముడు.

బావగారు భార్య వైపు ఒకసారీ క్యారెట్ల వైపు ఒకసారీ చూసి, ఆయన కూడా పళ్ళెం జరిపారు. చేతులు మాత్రం పళ్ళేన్ని అంత తొందరగా వదల్లేదు.

సూపర్వైజరు గారి ముఖం వాడిపోయింది. వారం పాటు పడిన పాట్లు, ఇరవై రెండేళ్ళ కోరిక, అన్నీ మూడు నిండు పళ్ళేల దగ్గర తెల్లారిపోయాయి. భార్య ఆయన చెవిలో మెల్లగా, "షరతు గుర్తుందిగా?" అంది. ఆవిడకూ లోపల జాలిగానే ఉంది, కానీ తీర్పు తీర్పే.

"మా సంగతి సరే, నువ్వు ఇది తినరా నాన్నా," అంటూ అక్కగారు తన గిన్నె మూత తీసింది. బంగాళదుంపల కూర. ఆయన చెయ్యి ఆయన మాట వినకుండా థర్మామీటరు తీసి గుచ్చేసింది.

"నలభై ఒకటి. ఎప్పుడు వండావక్కా?"

"పదింటికి."

"ఇప్పుడు ఒంటిగంట. వండింది బయట రెండు గంటలు దాటి ఉంటే తినకూడదు. పారేయాలి."

 పుట్టి బుద్ధెరిగాక అక్కగారి వంటను అంత మాట అన్నవాడు లేడు. అయినా ఆవిడ దిగమింగుకుంది. కష్టాల్లో ఉన్న మనిషి నోటికి ఆమాత్రం కరుకు వస్తుందని సర్దిచెప్పుకుంది.

"పారేయడమెందుకురా? వేడి చేస్తే సరిపోతుంది."

"వేడి చేసినా లాభం లేదక్కా, అందులో..."

మాట పూర్తి కాలేదు. ఆవిడ స్టీలు గిన్నెను స్టీలు మూతతో సహా మైక్రోవేవ్‌లో పెట్టి మీట తిప్పేసింది. లోపల ఫటఫటమంటూ నీలం మెరుపులు లేచాయి. సూపర్వైజరు గారు "అక్కా!" అని అరిచి చెయ్యి చాపేలోగా టక్కుమని ఇంట్లో కరెంటంతా పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది.

అక్కగారు అక్కడే కూలబడిపోయింది. "అయ్యో అయ్యో! వాడికి మిగిలిందే ఈ ఒక్క వస్తువు, అది కూడా నా చేతులతో తగలబెట్టేశానే! ఇంక వాడెలా బతుకుతాడు?"

"ఏడవకక్కా," అని తమ్ముడు ముందుకొచ్చాడు. "అన్నయ్యా, ఇక దాచకు. నా దుకాణంలో నీకు పనుంది. గల్లాపెట్టె పక్కన కుర్చీ కూడా వేయించేశాను."

"నాకెందుకురా పని?"

"ఉద్యోగం పోయిందిగా!"

"ఎవరిది?"

"నీదే!"

సూపర్వైజరు గారు కంగారుగా భార్య వైపు చూశారు. తనకు చెప్పకుండా నిజంగానే పోయిందేమోనని ఆయనకు ఒక్క క్షణం అనుమానం వచ్చింది. భార్య కూడా ఆయన వైపు అలాగే చూసింది. అక్కగారు లేచి వెళ్ళి ఫ్రిజ్ తలుపు బార్లా తీసింది.

"పోకపోతే ఇవేంట్రా? రెండేసి చెంచాలు! మూడు రోజుల నాటివి! పారేయకూడదట, ముట్టుకోకూడదట!"

"అవి తినడానిక్కాదక్కా, శాంపిల్స్! మనకెవరికైనా కడుపు నొప్పొస్తే పరీక్షకు పంపడానికి."

ముందు నవ్వింది భార్య. గుండుసూదుల సంగతి గుర్తొచ్చి ఇంకా నవ్వింది. గోడకు చేరగిలబడి కొంగుతో ముఖం కప్పుకుని నవ్వింది. తమ్ముడు అందుకున్నాడు. అక్కగారు మాత్రం నవ్వాలో తిట్టాలో తేలక, "ఇద్దరు తినే కూరకు ఇన్ని సాక్ష్యాలేంట్రా వెధవా!" అని పెద్ద తమ్ముడి వీపు మీద ఒక్కటిచ్చింది. ఇచ్చిన చేత్తోనే దగ్గరికి తీసుకుంది.

అప్పుడు, గుమ్మం దాటి వచ్చాక మొదటిసారి, బావగారు నోరు విప్పారు.

"అయితే ఉద్యోగం ఉన్నట్టేనా?"

"ఉంది బావా. రేపు డ్యూటీ."

"అయితే నేను తినొచ్చా? పొద్దుటినుంచి ఏమీ పెట్టలేదు."

తెచ్చిన మూడు గిన్నెల్లోని వంటలూ గంటల లెక్క తప్పాయి కాబట్టి, అక్కగారి గొణుగుడు మధ్యనే చెత్తబుట్టలోకి వెళ్ళాయి. మెయిన్ స్విచ్ పైకెత్తగానే ఇల్లు వెలిగింది. మైక్రోవేవ్ కూడా ఏ పగా పెట్టుకోకుండా గుర్రుమంది. చల్లారిన పళ్ళేలు మళ్ళీ వేడెక్కాయి. అవి చాలవని తెలిసి సూపర్వైజరు గారు ఇంకో విడత కోశారు. ఈసారి తొందరపడలేదు. ముక్కలన్నీ ఒకే కొలతన కోసి, వెడల్పాటి పాత్రలో పలుచగా పరిచి, రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, మూత ఓరగా పెట్టి, మధ్యలో ఒకసారి కలిపి, దించాక రెండు నిమిషాలు ఆగారు. ఆ రెండు నిమిషాలూ ఐదుగురూ ఆ పాత్ర చుట్టూ నిలబడ్డారు.

తర్వాత ఐదు చెంచాలూ ఒక్కసారే పనిలో పడ్డాయి. అక్కగారు మూడోసారి వడ్డించుకుంటూ, "వెన్నతో ఏదైనా బాగానే ఉంటుందిలే," అంది. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు ఇంతవరకు ఎవరూ వినలేదు. బావగారు పళ్ళేన్ని వెలుతురుకేసి పట్టుకుని ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికారు. సూపర్వైజరు గారు వాళ్ళను చూస్తూ నిలబడ్డారు. ఎనిమిది వందల మందికి పెట్టించినప్పుడు ఏనాడూ ఇంత కడుపు నిండలేదు ఆయనకు.

అందరూ వెళ్ళాక భార్య ఐదు పళ్ళేలూ ఒక్కొక్కటే పరీక్షగా చూసింది. ఎందులోనూ ముక్క లేదు.

"గెలిచారు," అంది.

"అయితే ఆదివారం నాదేనా?"

"ఆదివారం ఒక్కటే ఎందుకండీ? ఈ వారంలో నేను పేరుకుపోయిన బట్టలన్నీ కుట్టేశాను. నడుంనొప్పి తగ్గింది. రెండు మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయాను కూడా. ఏడు రోజులూ మీరే ఉంచుకోండి."

"మరి నా డ్యూటీ?"

"కాస్త పెందలాడే లేవండి. పది నిమిషాల పనేనని మీరేగా అన్నారు!" ఆవిడ కుర్చీ తెచ్చి వంటింటి గుమ్మంలో వేసుకుని తీరిగ్గా కూర్చుంది. "అన్నట్టు, రేపు క్యారెట్టు ఇంకాస్త సన్నగా కోయండి. ఆ గట్టు కూడా ఒకసారి తుడిచేయండి."

మర్నాటినుంచి ఆ ఇంట్లో వంట ఆయనే చేశారు. సూపర్వైజరు మాత్రం మారారు.