మోచేతి స్ప్రింగు

ప్రెషర్ కుక్కర్ గాస్కెట్ ఎవరు తీశారన్న తగువు తేలకముందే, ఆ ఆదివారం ఉదయం సత్యప్రసాదు తన భార్య ఇందుమతి ఎడమ మోచేతిలో ఉన్న స్ప్రింగును కొలిచి, అది పాత ఇన్‌స్టంట్ కెమెరాకు అతికినట్టు సరిపోతుందని తేల్చాడు.

"గాస్కెట్ ఏదండీ?" అని ఆమె అప్పటికి రెండోసారి అడుగుతోంది.

"పాతదే తీశాను."

"ఇంట్లో ఉన్నదే ఒకటి. అది పాతదెలా అవుతుంది?"

"కొత్తది కొంటే అవుతుంది. కొను."

"గిన్నెలో ఉడకెయ్యవే ఇందూ," అంది కుర్చీలోంచి అత్తగారు మాణిక్యాంబ. "గాస్కెట్లు పుట్టకముందు మేం పప్పు తిన్లేదా?"

ఇందుమతి గాస్కెట్ ఇమ్మన్నట్టు ఎడమ చెయ్యి చాపింది. సత్యప్రసాదు ఆ చేతిని మోచెయ్యి దగ్గర పట్టుకుని, మడిచి, చాపి, స్కేలు పెట్టి చూశాడు. తర్వాత జేబులోంచి పెన్సిల్ తీసి చర్మం మీద చిన్న గుర్తు పెట్టాడు.

మీట నొక్కగానే నోట్లోంచి నాలుకలా ఫోటో బయటికి తోసే ఆ కెమెరాలు ఒకప్పుడు గల్ఫ్ నుంచి వచ్చిన బంధువుల పెట్టెల్లో కాకినాడ చేరాయి. ఉప్పుగాలికి లోపలి ముక్కలు తుప్పు పట్టి, చాలా ఇళ్ళలో బీరువాల పైన పడి ఉన్నాయి. వాటిని బాగుచెయ్యడం సత్యప్రసాదుకు సెలవురోజుల పని. కొత్త భాగాలు దొరకవు కాబట్టి ఇంట్లో ఉన్నవే వాడేవాడు. ఫిల్ము పెట్టే తలుపు సందులోంచి వెలుతురు రాకుండా కుక్కర్ గాస్కెట్, ఫోటోను నొక్కి బయటికి పంపే రోలర్ల కింద పంపు వాషరు, తలుపు బందుకు గొడుగు ఊచ. ఇల్లు దానికి తగ్గట్టు సర్దుకుంది. పంపు కింద ఎప్పుడూ చెంబు ఉండేది. గొడుగు సగమే తెరుచుకునేది కాబట్టి వానలో ఒకరే వెళ్ళేవారు.

ఒక్క స్ప్రింగు విషయంలోనే ఇబ్బంది వచ్చింది. బజారు స్ప్రింగులు పది ఫోటోలు తీసేసరికి సాగిపోతున్నాయి. మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్ కొట్టు వీర్రాజు సాగిన స్ప్రింగును వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"ఈ సైజు కంపెనీలు మానేశాయండి. ఇప్పుడు ఇళ్ళల్లోనే దొరుకుద్ది. ఎన్నిసార్లు లాగినా మారు మాటాడకుండా ఎనక్కొచ్చే రకం అండి అది. ఏళ్ళ తరబడి అలవాటుండాలి. మీ ఇంట్లో ఆడవాళ్ళు ఉన్నారు కదండీ?"

"ఉన్నారు."

"ఇంకేం మరి! కొనడం దేనికండి?"

సత్యప్రసాదు ఒక ప్రభుత్వ గిడ్డంగిలో సామాను విభాగం గుమాస్తా. ఆ పద్ధతి ఇంట్లోనూ పాటించేవాడు. కేటాయించిన పని ఏదీ లేని వస్తువును మిగులుగా పరిగణించాలని గిడ్డంగి నిబంధన. అతను ఆ ఆదివారానికి ముందే ఒక వారం పాటు భార్య ఎడమ చేతిని గమనించాడు. అది గిన్నె జారకుండా పట్టుకోవడం, కొబ్బరికాయ ఆనించడం, పాలు పొంగుతుంటే పొయ్యి కట్టెయ్యడం, తలుపు తోయడం చేస్తోంది. అయితే వీటిలో ఏదీ ఆ చేతికి ప్రత్యేకంగా కేటాయించిన పని కాదు.

"తీసింది మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అని పెన్సిల్ గుర్తు చూసుకుంటూ ఇందుమతి అడిగింది.

"సామాన్లు రెండు రకాలు. నిచ్చెన, పార లాంటివి వాడి తిరిగి ఇచ్చేవి. తాడు, సబ్బు, గుడ్డపేలికలు వాడకంలో అరిగిపోయేవి. ఇది రెండో రకం."

"మాదెప్పుడూ రెండో రకమే," అంది మాణిక్యాంబ. ఆవిడ మెడ ఎడమ వైపు తిరగదు. ఆ మెడ స్ప్రింగు ఆవిడ భర్త రేడియోలో ఉండేది. భర్త పోయాక రేడియోను పాత సామానువాడికి వేసేశారు. లోపల తన స్ప్రింగు ఉందన్న సంగతి ఆవిడకు వాడు వీధి మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

స్ప్రింగు తియ్యడానికి పెద్దగా సమయం పట్టలేదు. పీట మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, చిన్న స్క్రూడ్రైవరుతో విప్పాడు. నొప్పి లేదు. ఇందుమతి బి.ఎస్సీ. చదివింది. ఏ పనైనా సరిగ్గా చేస్తే ఆమెకు అభ్యంతరం ఉండదు. స్క్రూ జాగ్రత్తగా పెట్టమని మాత్రం చెప్పింది. అది ఫ్రిజ్ కిందికి దొర్లిపోయింది. చెయ్యి వేలాడుతుంటే అడ్డం కాకుండా పైటకొంగుతో నడుముకు చుట్టుకుని, ఫ్రిజ్ కింద చీపురు పెట్టి వెతికింది. దొరకలేదు.

కెమెరా అద్భుతంగా పనిచేసింది. టైమరు పెట్టి తీసిన మొదటి ఫోటోలో సత్యప్రసాదు, మాణిక్యాంబ, కూతురు హిమజ భోజనాల బల్ల దగ్గర నవ్వుతూ వచ్చారు. ఇందుమతి అప్పుడు చారు దించుతోంది. ఫోటో తీసిన స్ప్రింగు ఆమెదే కాబట్టి ఆమె అందులో ఉన్నట్టేనని సత్యప్రసాదు అన్నాడు. ఫోటో ఆరేదాకా గదిలో పోపు వాసన వచ్చింది. పట్టుకుంటే ఫోటో వెచ్చగా కూడా ఉంది. చూసిన వాళ్ళందరికీ అది నచ్చింది.

తర్వాతి వారాల్లో ఇంటికి కెమెరాలు రావడం మొదలైంది. పోపు వాసన వచ్చే రకమే కావాలని అందరూ అడిగారు. డైనింగ్ టేబుల్ మీద కంచాలకు చోటు లేక సత్యప్రసాదు కొన్నిటిని, అన్నిటికన్నా ముందు ఇవ్వాల్సిన ఒక పెద్ద కెమెరాతో సహా, హిమజ సూట్‌కేసు మీద పెట్టాడు. హిమజకు విశాఖలో ఎం.ఎస్సీ. సీటు వచ్చింది. సోమవారం ఉదయం రైలు. హాస్టల్లో చేరేటప్పుడు రెండు మోచేతులూ వంచి చూపించాలి. ల్యాబ్ ఉన్న కోర్సులకు అది మామూలు నిబంధనే.

రైలుకు ముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, అందరూ భోజనానికి కూర్చున్నారు. ములక్కాడ పప్పుచారు, వంకాయ వేపుడు. ఇందుమతి కుడిచేత్తో వడ్డిస్తోంది. మూత తియ్యాలంటే గరిటె కింద పెట్టి, మూత తీసి, మళ్ళీ గరిటె పట్టుకుంటోంది. దానివల్ల అప్పడాలు ఆలస్యమయ్యాయి.

"హిమ చెయ్యి నిన్న చూశాను," అన్నాడు సత్యప్రసాదు కలుపుకుంటూ. "కొంచెం బిగువుగా ఉంది గానీ మంచి సరుకు. రైలెక్కే లోపు తీసేస్తే ఆ పెద్ద కెమెరా అయిపోతుంది."

"మరి నా హాస్టలు?" అంది హిమజ.

"ఉత్తరం రాసిస్తాను. అర్థం చేసుకుంటారు."

"నీ మోచేతిలో లేదా నాన్నా?"

సత్యప్రసాదు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోలేదు. అది న్యాయమైన ప్రశ్నేనని ఒప్పుకున్నాడు. తన మోచెయ్యి ప్రభుత్వ విధుల్లో వినియోగంలో ఉంది కాబట్టి పై అధికారి అనుమతి లేకుండా విప్పడం కుదరదు. అనుమతి కోసం ఎప్పుడో రాశాడు. జవాబు రాలేదు.

"పైగా వాడి స్ప్రింగు పనికిరాదే," అంది మాణిక్యాంబ. "చిన్నప్పట్నించీ మంచినీళ్ళ గ్లాసు కూడా ముంచుకోలేదు. కొత్తది కొత్తగానే ఉండిపోయింది. అలవాటు లేని స్ప్రింగు పది ఫోటోలకే సాగిపోతుంది."

"అందుకే వీర్రాజు కూడా ఆడవాళ్ళదే అన్నాడు," అన్నాడు సత్యప్రసాదు.

హిమజ అన్నం కెలుకుతూ కూర్చుంది. ఆమె ఎడమ మోచేతి మీద పెన్సిల్ గుర్తు ఉంది. సబ్బుతో రుద్దినా పూర్తిగా పోలేదు.

ఇందుమతి ఈ విషయం ముందే ఆలోచించి పెట్టుకుంది. ఒక పెద్ద కెమెరాకు ఒక స్ప్రింగు కావాలి. హిమజ రెండు చేతులతో రైలెక్కాలి. ఇంట్లో విప్పదగిన మోచెయ్యి ఇంకొకటే ఉంది. లెక్క సరిపోయింది. రెండుసార్లు సరిచూసుకుంది కూడా. ఆమె గరిటె కింద పెట్టింది.

"హిమ చెయ్యి ముట్టుకోవద్దు. నా కుడి చెయ్యి తీసుకోండి. భోజనాలు కాగానే విప్పెయ్యండి. పిల్ల రేపు రైలెక్కుతుంది."

ఆమె ఇంట్లో ఒక నిర్ణయం ప్రకటించడం అదే మొదటిసారి. ఎవరూ కాదనలేదు.

"అలాగే," అన్నాడు సత్యప్రసాదు. "అది ఇంకా బాగా పనికొస్తుంది. దాని అలవాటే వేరు." అని కంచం ముందుకు జరిపాడు. "ఇంకాస్త పప్పుచారు వెయ్యి."

"ఇవాళ వేస్తుందిరా," అంది మాణిక్యాంబ. "రేపట్నించీ ఎవరేస్తారు?"

ఇందుమతి తన లెక్కను మొదటినుంచీ మళ్ళీ చూసుకుంది. కెమెరాలు ఉన్నాయి, చేతులు ఉన్నాయి, రైలు ఉంది. వడ్డన లేదు. అది ఇంతవరకూ ఎవరి లెక్కలోనూ లేదు కాబట్టి ఆమె లెక్కలోకీ రాలేదు.

మాణిక్యాంబ మెడ తిరగదు కాబట్టి కుర్చీతో సహా తిరిగి మనవరాలి వైపు చూసింది. సత్యప్రసాదు కూడా అటే చూశాడు. హిమజ కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచింది. ఎడమ చేత్తో మూత తీసింది, కుడి చేత్తో గరిటె అందుకుంది. ములక్కాడ ముక్క పడేలా అడుగునుంచి తోడి తండ్రి కంచంలో వేసింది. మోచేతులు రెండూ చప్పుడు లేకుండా వంగాయి.

"అచ్చం మీ అమ్మలాగే," అంది మాణిక్యాంబ.

"సీటు వచ్చే ఏడాదైనా ఇస్తారు," అన్నాడు సత్యప్రసాదు. "ఆ మాటే ఉత్తరంలో రాస్తాను. నీ స్ప్రింగులకేం భయం లేదమ్మా. ఎవరూ తియ్యరు. మీ అమ్మ చెప్పేసిందిగా."

ఆ రాత్రి, తల్లి కుడి చేతి స్ప్రింగు కూడా విప్పాక, హిమజ ఆమెకు పీట వేసి, ఆమె కంచంలో అన్నం పెట్టి, ముద్ద కలిపింది. ఇందుమతి నోరు తెరిచింది. కూతురి చెయ్యి ఎంత సాఫీగా వచ్చి వెళుతోందో చూస్తూ, ఆ స్ప్రింగు ఏ కెమెరాలోకీ పోకుండా ఇంట్లోనే ఉండిపోయినందుకు ఆమె సంతోషించింది.