జామ కొట్టుకోమన్నారు

ఈ ఆదివారమైనా టీవీలో తొమ్మిదింటి సీరియల్ చుక్కలు లేకుండా చూడాలని వీరబ్రహ్మం మాస్టారు ముందురోజే నిశ్చయించుకున్నారు. అది తొంభై ఆరు జనవరి. రాజమండ్రి దానవాయిపేటలో ఆయన ఉండే సందులోకి కేబుల్ ఇంకా రాలేదు. పక్కింటి జామకొమ్మ యాంటెనాకు తగులుతోంది. గాలి వీచినప్పుడల్లా తెర మీద మనుషులకు చలిజ్వరం వస్తోంది.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, అడగకుండా పరాయి కొమ్మ ముట్టరు. గోడ దగ్గర నిలబడి పక్కింటి సూర్యకళను పిలిచారు. ఆవిడ వంటింట్లో పోపు వేస్తోంది.

"అమ్మా, మీ జామ కాస్త కొట్టుకోమంటావా?"

"దానికి అడగాలా అన్నయ్యగారూ? పైనున్నవన్నీ కొట్టేసుకోండి, ఎలాగూ మాకు అందవు. కిందవి మాత్రం ఉంచండి."

ఆవిడ చెప్పింది కాయల సంగతి. మాస్టారు విన్నది కొమ్మల సంగతి. ఎంత పెద్ద మనసో అని మురిసిపోయి, కత్తి పట్టుకుని నిచ్చెనెక్కారు. అడ్డంగా ఉన్న కొమ్మ కొట్టేసరికి చెట్టు ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించింది. రెండో పక్క కొట్టారు. నడిమిది పొడుగ్గా మిగిలింది. అదీ కొట్టారు. చివరికి చెట్టు సగమైంది గానీ లెక్క సరిపోయింది.

సీరియల్ మధ్యలో పెరట్లో టకటకమని చప్పుడు వినిపించింది. బొమ్మ అద్దంలా వస్తోంది కాబట్టి మాస్టారు లేవలేదు. అయిపోయాక వెళ్ళి చూస్తే, గోడెక్కి అటు వాలిన తమ మల్లెపొద మోకాలెత్తున మోడై ఉంది. అవతల సూర్యకళ భర్త గంగరాజు కత్తి తుడుచుకుంటున్నాడు.

"ఏంటండి ఇది?"

"మీరు నేర్పిందే మాస్టారూ."

"నేను మీ ఆవిడని అడిగే కొట్టానండి."

"కాయలు కొట్టుకోమంది. మా నాన్న నాటిన చెట్టుని కాదు."

మాస్టారి చెవుల్లో పొద్దుటి మాటలన్నీ మళ్ళీ మోగాయి, ఈసారి సరైన అర్థంతో. అంతలో గోదావరి స్నానం నుంచి భార్య పాపాయి వచ్చింది. మోడును చూసింది, గోడకు ఆనించి ఉన్న తమ కత్తిని చూసింది. వేసవి వస్తే ఆ సందులో ప్రతి జడకూ ఆవిడ చేతి మాలే.

"పదిహేనేళ్ళు పెంచుకున్నానండి. టీవీకి ఇది కూడా అడ్డమొచ్చిందా?"

గంగరాజు పేరు మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మొదటి వేటు తనదే. "తప్పయిపోయింది," అని తల దించుకున్నారు.

గోడ అవతల నుంచి గంగరాజు గొంతు నెమ్మదిగా పలికింది. "అక్కయ్యగారూ, మల్లె కొట్టింది నేనండి."

అప్పుడే కడియం నుంచి రిక్షాబండి నిండా మొక్కలు వేసుకుని అమ్మకానికి వచ్చే పెద్దిరాజు సందులో ఆగి, రెండు పెరళ్ళనూ ఎగాదిగా చూశాడు.

"ఇదంతా ఎవరు కొట్టారండి?"

ఇద్దరు మగవాళ్ళూ ఒకరివైపొకరు వేలు చూపించారు.

"సరైన నెలలో కొట్టారండి."

రెండు వేళ్ళూ వెనక్కి, ఎవరివైపు వాళ్ళకే తిరిగాయి.

"మల్లెని ఇప్పుడే మోకాలెత్తుకి కొట్టి, ఆకు దూసేసి, కొన్నాళ్ళు నీళ్ళు ఆపాలండి. మాఘమాసం వెళ్ళాక ఎరువేసి తడి పెట్టండి. జామకీ అంతే, కొత్త చిగురుకే కాయ. కానీ ఈ కోత ఏంటండి, మేక నమిలినట్టు? చీలకుండా ఏటవాలుగా తెగాలి. గాయాలకి పేడ పూయండి."

మధ్యాహ్నం మాస్టారు నిచ్చెన పట్టుకుంటే గంగరాజు ఎక్కి కోతలన్నీ సరిచేశాడు. గంగరాజు పట్టుకుంటే మాస్టారు పేడ పూశారు. పాపాయి ఇద్దరికీ అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

మార్చి నెలాఖరుకు మోడు కనిపించకుండా మొగ్గ తొడిగింది. దారం ఉండ అయిపోయినా పూలు అయ్యేవి కావు. పాపాయి మొదటి మాల సూర్యకళకే ఇచ్చి, "నీ నోటి చలవేనమ్మా," అంది. వానాకాలానికి జామకాయలు నేల మీద నిలబడి కోసుకునే ఎత్తులో కాశాయి.

మరుసటి జనవరిలో మాస్టారూ గంగరాజూ చెరొక కొత్త కత్తెరతో సందులోకి బయల్దేరారు. పూత మీదున్న మామిడిచెట్ల వాళ్ళు గేట్లకు తాళాలు వేసుకున్నారు.