స్పీకరు గారి చెవి

ప్రజాస్వామ్యానికి ప్రాణం రాజ్యాంగంలో ఉందనీ, ఓటులో ఉందనీ జనం రకరకాలుగా చెప్పుకుంటారు. నిజానికి అది స్పీకరు చెవిలో ఉంది. బిల్లు నచ్చినవాళ్ళు "అవును" అని అరుస్తారు, నచ్చనివాళ్ళు "కాదు" అని అరుస్తారు. ఆ చెవికి ఏది గట్టిగా వినిపిస్తే అదే రాష్ట్రానికి చట్టం. స్పీకరు వెండెల్ ఆస్ట్రాండర్ చెవి ముప్పై ఆరేళ్ళుగా ఈ భారం మోస్తోంది. (చెవికి శ్రమ కలగకూడదని, ఏది గెలిచిందో పొద్దున్నే పార్టీ ఆఫీసులో టైపు చేసి ఆయన ముందు పెడతారు.)

చిక్కల్లా ఆయన భార్య ఆర్లీన్‌తో వచ్చింది.

"బంగాళాదుంపలు ఇటు జరపమని ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నా! నేనేమన్నా ప్రతిపక్షాన్నా, వినబడనట్టు కూర్చోడానికి?" అని భోజనాల బల్ల దగ్గర కేకలేసి, మర్నాడే లాక్కెళ్ళి చెవికి వినికిడి యంత్రం పెట్టించింది.

సోమవారం లోరెట్టా పిక్ తెచ్చిన వంతెన బిల్లు సభకు వచ్చింది. ఆవిడ ప్రతిపక్షం మనిషి. వాళ్ళ ఊరి వంతెన వరదకు కొట్టుకుపోయి, స్కూలు బస్సు కొండంతా చుట్టి వెళుతోంది. ఏటా ఆ బిల్లు తెస్తుంది, ఏటా అది ఓడుతుంది. ఈసారీ కాగితం మీద "ఓడినది" అనే ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు గనక, పిల్లల బస్సుకు అడ్డుపడ్డామన్న చెడ్డపేరు మనకెందుకని పాలకపక్షం కూడా నోరారా "అవును" అంటుంది. ఖర్చులేని మంచితనం ఎవరికి చేదు?

వెండెల్ ఆ అరుపును మొదటిసారి విన్నాడు. కిటికీ అద్దాలు అదిరాయి. కాదన్న గొంతు ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళూ ఇలాగే అరిచారా అనుకునేసరికి ఆయనకు నిజంగా సిగ్గేసింది. కాగితం బోర్లించి, "అవునన్నవారే గెలిచారు," అన్నాడు.

పాలకపక్ష నాయకుడు హాలిస్ క్రాబ్‌ట్రీ పరుగున వచ్చాడు.

"అదేంటి అధ్యక్షా, కొంప ముంచారు!"

"అందరూ అవునన్నారు కదయ్యా. అందరికన్నా గట్టిగా అరిచింది నువ్వే."

"ఓడిపోతుందన్న ధైర్యంతో కదండీ అరిచింది!"

మధ్యాహ్నానికల్లా స్పీకరును దింపే తీర్మానం తయారైంది. ఆయన దిగితే వంతెన మీద మళ్ళీ ఓటింగు పెడతారు, కొత్త చెవి కాగితంలో ఉన్నదే వింటుంది. (తన పదవి మీద ఓటింగుకు కూడా చెవి స్పీకరుదే. ఆ నిబంధన రాసినప్పుడు స్పీకరు ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.)

"అవును!" అని రెండు పక్షాలూ కలిసి అరిచాయి, ఈసారి మనస్ఫూర్తిగా. ముప్పై ఆరేళ్ళుగా వినబడని ప్రతిపక్షానికి అంతకన్నా మంచి అదను ఎప్పుడొస్తుంది? "కాదు!" అన్నది లోరెట్టా ఒక్కతే, కుర్చీ పట్టుకు నిలబడి, గొంతు చించుకుని.

వెండెల్ ఆవిడ వంక కాసేపు చూశాడు. యంత్రం ఊడదీసి జేబులో వేసుకున్నాడు. "కాదన్నవారే గెలిచారు," అని బల్ల మీద సుత్తితో కొట్టాడు.

సభ మొత్తం లేచి, అన్యాయమని కేకలేస్తూ బల్లలు చరిచింది. అభ్యంతరాలేవీ వినబడలేదని రికార్డులో ఉంది.