మా మళ్ళలో కెప్టెన్ థార్న్‌బీ దిగిన వైనం

మా లోయర్ టాడింగ్ ఊరికి మహర్దశ పట్టిందని ఎంపీ సర్ ఓస్బర్ట్ పెల్ గారు చర్చి మెట్ల మీద ప్రకటించారు. కెప్టెన్ థార్న్‌బీ సాహస నవలలు రాసిన మహానుభావుడు మా ఊళ్ళోనే పుట్టాడు. కనుక ఆయన పేరిట మ్యూజియం, దాని ముందు కార్ల పార్కింగు. స్థలం మాటేమిటి? ఊరి ఉమ్మడి కూరగాయల మళ్ళు ఉన్నాయి కదా! "వృథాగా పడి ఉన్న నేల" అన్నారు సర్ ఓస్బర్ట్.

వృథాగా పడి ఉన్న ఆ నేలలో నా మడి ఒకటి. అందులో గూస్‌బెర్రీ పొదలు నా భార్య డొరోతీ నాటింది. ఆమె పోయింది. పొదలున్నాయి. పక్క మడిలో మా పొరుగావిడ ఐరిస్ వేసిన చిక్కుళ్ళు.

చట్టం ఒకటి అడ్డొచ్చింది. ఊరివాళ్ళు బహిరంగంగా చేతులెత్తి ఒప్పుకోవాలి. సర్ ఓస్బర్ట్ మేధావి. ముందు థార్న్‌బీ నాటకం, ఆ వెంటనే ఓటు అన్నారు.

ఆ నవలలు మేమంతా ఊరి బళ్ళో చదివినవే. ప్రతి పుస్తకంలోనూ కెప్టెన్ ఒక దీవిలో దిగుతాడు. చన్నీళ్ళ స్నానం చేస్తాడు, అబద్ధమాడడు, దీవి తీసుకుంటాడు. దీవివాళ్ళు కృతజ్ఞతతో ఏడుస్తారు. విలన్‌కి గడ్డం ఉంటుంది. "ఈ నేల మాది. నిన్నెవరు పిలిచారు?" అని అడుగుతాడు. అంత దుర్మార్గుడు. చివరి పేజీలో వాణ్ణి మొసలి తింటుంది. ఇంతటి ఉన్నత సాహిత్యం చదువుకున్నందువల్లనే మావాళ్ళు ఎన్నో దేశాలకు వెళ్ళి, వెళ్ళిన ప్రతిచోటా కృతజ్ఞతలు అందుకున్నారు.

కెప్టెన్ వేషం సర్ ఓస్బర్ట్ గారిదే. విలన్ వేషం నాకిచ్చారు.

"నేనే ఎందుకు?" అన్నాను.

"నీకైతే మేకప్ ఖర్చు లేదు నోరిస్. నీ మొహం చూసి కుక్కలే దారి మార్చుకుంటున్నాయి" అంది ఐరిస్.

ఇదివరకు విలన్ మొహానికి గోధుమరంగు బూటు పాలిష్ పూసేవారు. ఇప్పుడది మర్యాద కాదట. గడ్డం మాత్రం అంటించారు. దేశం ఆ మేరకు ఎదిగింది.

నేను ఒప్పుకున్నది ఒక్కందుకే. ఓటు వేళకి స్టేజీ మీదే ఉంటాను. నాలుగు మాటలు చెప్పొచ్చు.

శనివారం ఊరంతా వచ్చింది. మా దగ్గర నాటకంలో విలన్ కనిపిస్తే జనం "బూ" అని కేకలు వెయ్యాలి. ఉయ్యాల్లో నేర్చుకున్న మర్యాద అది. నేను అడుగు పెట్టగానే పాదిరీగారు కూడా లేచి నిలబడి కేకలు వేశారు. గోనెపట్టా మొసలి నన్ను తినేసింది. చప్పట్లు.

సర్ ఓస్బర్ట్ వేషం తీయకుండానే ముందుకొచ్చారు. "ఇక ఓటు. ఈ మళ్ళు వృథాగా పడి ఉన్నాయి. మీ మేలు కోసమే తీసుకుంటున్నాను."

నేను మొసలి నోట్లోంచి లేచాను. "అయ్యా, ఈ నేల మాది. మిమ్మల్నెవరు పిలిచారు?"

"బూ...!"

"నాటకం అయిపోయిందర్రా! ఐరిస్, నీ చిక్కుళ్ళు పోతాయి!"

"బూ...! చచ్చినవాడివి చచ్చినట్టు పడుకోవయ్యా!" అని అందరికంటే గట్టిగా అరిచింది ఐరిస్.

గడ్డం పీకబోయాను. జిగురు మంచిది, రాలేదు.

చేతులన్నీ లేచాయి. సర్ ఓస్బర్ట్ కళ్ళు చెమర్చాయి. నా భుజం తట్టి, "అద్భుతం నోరిస్ టెబ్ గారూ! మీరు లేకపోతే నేను గెలిచేవాణ్ణి కాదు" అన్నారు.

సోమవారం నేల చదునుచేసే యంత్రం వచ్చింది. ముందు గూస్‌బెర్రీ పొదలు పోయాయి. తర్వాత అది చిక్కుళ్ళ వైపు తిరిగింది. ఐరిస్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తుకొచ్చి దానికి అడ్డంగా నిలబడింది.

"ఆపండి! ఈ నేల మాది! మిమ్మల్నెవరు పిలిచారు?"

ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తోంది.

"బూ" అన్నాను నేను.

తర్వాత అందరూ అందుకున్నారు.