జీలుగుపుట్టులో రెండో సిస్టమ్ లేవని వైనం

జీలుగుపుట్టు మండల కార్యాలయంలోని కంప్యూటర్లో రెండు సిస్టమ్‌లు ఉన్నాయనీ, వాటిలో ఒకటి మాత్రమే లేస్తోందనీ, రెండోది ఎందుకు లేవడం లేదో తేల్చడానికి ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించడమైనదనీ ఇందుమూలంగా పాఠకులకు తెలియజేయడమైనది. సంఘానికి అధ్యక్షులు మండల అధికారి వరహాలరావు గారు. సభ్యుడు కంప్యూటర్ ఆపరేటర్ గోపి. మూడో సభ్యుడిని తరువాత నియమిస్తారు.

ఇది 2004 జూలై నాటి మాట. జీలుగుపుట్టును మ్యాపులో వెతకకండి. అరకు నుంచి జీపులో రెండు గంటలు కొండెక్కితే వస్తుంది, జీపు కూడా ఎక్కదలిస్తే. నేను ఆ మండల కార్యాలయంలో తపాలా గుమాస్తాను. వచ్చిన కాగితానికి ఒక నంబరు, పోయే కాగితానికి ఒక నంబరు వేయడం నా పని. మధ్యలో కాగితానికి ఏమవుతుందన్నది వేరే సీటు వ్యవహారం.

రెండు సిస్టమ్‌లలో మొదటిది విండోస్. అందులో వరహాలరావు గారు మధ్యాహ్నం భోజనమయ్యాక పేకముక్కలు సర్దుతారు. రెండోది లైనక్స్. కులధ్రువీకరణ పత్రాన్ని తెలుగులో అచ్చువేసే ప్రోగ్రాం అందులోనే ఉంది. గిరిజన సోదరులకు వారి మాతృభాష అయిన తెలుగులోనే పత్రం అందాలని ఉత్తర్వులో ఉంది. మా కొండల మీద సగం మంది ఇళ్లలో మాట్లాడేది కువి, తక్కిన సగం మంది మాట్లాడేది ఆదివాసీ ఒరియా. ఆ సంగతి ఉత్తర్వుకు ఎవరూ చెప్పినట్టు లేదు.

అదే ఉత్తర్వు ప్రకారం చేతిరాత పత్రాలు జూన్ ఒకటి నుంచి చెల్లవు. కంప్యూటర్లో రెండోది లేవదు. అంచేత జూన్ ఒకటి నుంచి మా మండలంలో ఎవరికీ కులం లేదు. సంఘసంస్కర్తలు తరాలుగా గొంతు చించుకున్నా కాని పనిని మా కార్యాలయం ఒక్క సర్క్యులర్‌తో సాధించింది. దీనికి మాకు ఎవరూ సన్మానం చేయకపోవడం విచారకరం.

ఈ సంస్కరణ నచ్చనిది ఒక్క సత్యకుమారికే. ఆమెకు పంతొమ్మిదేళ్లు. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్ గట్టెక్కి, విశాఖపట్నంలో నర్సు శిక్షణకు సీటు తెచ్చుకుంది. శనివారం పొద్దున కౌన్సెలింగ్. కంప్యూటర్ పత్రం చూపించకపోతే సీటు జాబితాలో తరువాతి వాళ్లకు పోతుంది. వాళ్ల నాన్న సుక్రు కాఫీ మొక్కలూ, రాగి చేనూ చూసుకుంటాడు. ఊరు ఏడు మైళ్లు. ఆ పిల్ల ఆ ఏడు మైళ్లూ వానలో నడిచి, మూడు వారాలుగా ఆఫీసు తెరవకముందే వచ్చి వరండా బెంచీ మీద కూర్చునేది. బెంచీకి ఎదురుగా కిటికీ, కిటికీకి ఎదురుగా కంప్యూటర్.

ఇక్కడ మా కార్యాలయ ఆచారం ఒకటి మనవి చేయాలి. జనవరిలో యంత్రం వచ్చిన రోజున వరహాలరావు గారు ఉపన్యసించారు. “మిత్రులారా, ఇది కేవలం పెట్టె కాదు. సాక్షాత్తూ సరస్వతి కొండెక్కి వచ్చింది. ఆ తల్లి కళ్లు తెరిచే సమయంలో మనం కళ్లు మూసుకుని ఉండటం మన సంస్కారం” అన్నారు. మర్నాడే అది ఉత్తర్వుగా వెలువడింది. దానికి నంబరు వేసింది నేనే. పది గంటలకు అటెండరు మంగ్లు స్విచ్చి వేస్తాడు. సిబ్బంది చెప్పులు విడిచి, చేతులు జోడించి, కళ్లు మూసుకుంటారు. స్పీకర్లలోంచి విండోస్ వారి స్వాగత సంగీతం వినిపించాక తెరుస్తారు. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ ఇదంతా మొదటి నుంచి జరగాలి. కరెంటు మా ఊళ్లో రోజుకు నాలుగుసార్లు పోతుంది గనక భక్తికి లోటు లేదు.

రెండో సిస్టమ్ లేవకపోవడానికి గల కారణాలను సంఘం శాస్త్రీయంగా పరిశీలించింది. మొదట చలి అన్నారు. యంత్రానికి గొంగళి కప్పారు. అది లేవలేదు సరికదా, అందులో పిల్లి పిల్లల్ని పెట్టింది. తరువాత కిరండూల్ లైనులో వెళ్లే ఇనుపరాయి గూడ్సు బళ్ల అదురు అన్నారు. రైలు కట్ట మాకు పాతిక మైళ్లు. అయినా బల్ల కాళ్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టారు. దిక్కు బాగాలేదని బల్లను ఈశాన్యానికి తిప్పారు. దాంతో వాన జల్లు కీబోర్డు మీద పడింది. దాన్ని ఎండబెట్టడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఎండ రాలేదు.

చివరికి వరహాలరావు గారు మంగ్లును పక్కకు పిలిచారు. “ఏరా, మీ కొండ దేవుడికి ఓ కోడిని కోత్తే ఎలాగుంటాది?” అని అడిగారు.

మంగ్లు తల గోక్కున్నాడు. “మా శంకు దేముడికి ఇయ్యన్నీ తెల్వవు బాబూ. వాన్లు, పంట్లు అడిగితే సూత్తాడు. మిసన్ల సంగతి పట్నంవోలకే తెలుసు” అన్నాడు. ఆ కార్యాలయంలో ఆ నెలంతా వినిపించిన ఏకైక సాంకేతిక సలహా అదే. అధికారి గారు దాన్ని స్వీకరించి విశాఖకు ఉత్తరం రాశారు.

బుధవారం నాడు విశాఖ నుంచి ఇంజనీరు సాయిదుర్గ గారు వచ్చారు. బుధవారం మాకు సంత. సంత రోజు కరెంటు ఉండదు. ఆవిడ పాపం రైల్లో సొరంగాలన్నీ దాటి, జీపులో నడుము విరగ్గొట్టుకుని వచ్చి, నల్లగా నిద్రపోతున్న తెర ముందు కూర్చున్నారు.

“ఆన్ చెయ్యగానే నల్ల తెర మీద మెనూ వస్తుంది. రెండు పేర్లుంటాయి. పది సెకన్లు ఆగుతుంది. ఆ లోపల బాణం మీట నొక్కి రెండోదాన్ని ఎంచుకోవాలి. లేకపోతే దానంతటది విండోస్‌లోకి వెళ్లిపోతుంది. మీరు ఎంచుకుంటున్నారా?” అని అడిగారు.

“మెనూ అంటే ఏటి మేడం? ఆర్నెల్ల నుంచి ఈ కంప్యూటర్ ముందే ఉన్నాను. అలాటిదొకటి నాకు ఒక్కసారీ కనబళ్లేదండి” అన్నాడు గోపి. గోపి అబద్ధం ఆడలేదు. దేవుడి మీద ఒట్టు, అతను ఒక్కసారీ చూడలేదు.

గుమ్మంలోంచి సత్యకుమారి గొంతు వినిపించింది. “వత్తాది మేడం. నల్లగా వచ్చి తెల్ల అచ్చరాల్తో రెండు లైన్లు పడతాయి. కింద అంకెలు తగ్గుతాయి. బెంచీ కాడ్నుంచి నేను రోజూ సూత్తన్నాను.”

“గుంటా, నువ్వూరుకో. పెద్దోలు మాటాడుకుంటన్నారు” అన్నారు వరహాలరావు గారు. ఇంజనీరు గారి వైపు తిరిగి, “దానికి కులపత్రం అవసరమండి. అందుకని ఏదో ఒకటి అంటాది” అని వివరించారు. బయట జీపు డ్రైవరు హారన్ మోగిస్తున్నాడు. మెనూయే రాకపోతే లోపల చెడిపోయినట్టేననీ, యంత్రాన్ని శుక్రవారం విశాఖకు పంపాలనీ, బాగుచేయడానికి మూడు వారాలు పడుతుందనీ రాసిచ్చి ఆవిడ వెళ్లిపోయారు. ఆ కాగితానికి నంబరు వేశాను.

ఇప్పుడు మీతో ఒక మాట చెప్పాలి. మెనూ వస్తుందని నాకు తెలుసు. నేను ఒక కన్ను సగం తెరిచి దణ్ణం పెట్టుకునే మనిషిని. ఫిబ్రవరిలోనే చూశాను. కాని కంప్యూటర్ నా సీటు కాదు, నన్నెవరూ అడగలేదు, అడిగితే నువ్వెలా చూశావని అడుగుతారు. మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ బుధవారం సాయంత్రం వానలో ఆ పిల్ల తలమీద ప్లాస్టిక్ సంచి వేసుకుని దిగిపోతుంటే సిగ్గేసింది. సిగ్గుకు నంబరు వేసే రిజిస్టరు లేదు.

శుక్రవారం యంత్రాన్ని మూటకట్టే ముందు ఆఖరిసారి దణ్ణం పెట్టుకోవాలని అధికారి గారు నిర్ణయించారు. పది గంటలకు మంగ్లు స్విచ్చి వేశాడు. అందరం కళ్లు మూసుకున్నాం, నేను నా పద్ధతిలో. నల్ల తెర మీద తెల్ల లైన్లు పడ్డాయి. ఆ రోజు తండ్రిని వెంటబెట్టుకుని వచ్చిన సత్యకుమారి గుమ్మంలో చెప్పులు విడిచి, ఉత్తర్వును అంతవరకు గౌరవించి, నిదానంగా లోపలికి వచ్చింది. బాణం మీట ఒకసారి, పక్కన పెద్ద మీట ఒకసారి నొక్కింది. వెనక్కి వెళ్లి వాళ్ల నాన్న పక్కన నిలబడింది.

సంగీతం రాలేదు. సంగీతం వచ్చేవరకు కళ్లు తెరవకూడదని ఉత్తర్వు. మండల పాలన యావత్తూ చేతులు జోడించి మూడు నిమిషాలు అలాగే నిలబడింది. చివరికి గోపికి తుమ్ము వచ్చి కళ్లు తెరుచుకున్నాయి. తెర నిండా తెలుగు అక్షరాలు.

“లేసింది! లేసిందిరా! ఏటి సేసావు గోపీ?” అని వరహాలరావు గారు గెంతినంత పని చేశారు.

“నేనేటీ సెయ్నేదండి. దణ్ణం పెట్టుకుంటన్నాను.”

“నేను నొక్కాను సార్” అంది సత్యకుమారి.

గది చల్లబడింది. బయటి మనిషి ప్రభుత్వ యంత్రాన్ని ముట్టుకోవడమంటే విచారణ. అంతకంటే పెద్ద చిక్కు, ఆరు నెలలుగా లేవనిది ఒక గుంట రెండు మీటలు నొక్కితే లేచిందని పై ఆఫీసుకు రాయడం. వరహాలరావు గారు గొంతు తగ్గించారు. “సూడమ్మా, నువ్వు నొక్కేవంటే విచారణ అవుతాది. అదయ్యేదాకా ఇందులోంచి వచ్చిన కాయితం ఏదీ సెల్లదు. నువ్వు నొక్కనేదు, దానంతటదే లేసింది అన్నావనుకో, ఇప్పుడే బేగి సంతకం పెట్టేత్తాను. ఏటంటావు?”

ఆ పిల్ల వాళ్ల నాన్న వైపు చూసింది. సుక్రు బయట ఆగి ఉన్న అరకు జీపు వైపు చూశాడు. “లేసిందనీయే అమ్మా. జీపెల్లిపోతాది” అన్నాడు.

“దానంతటదే లేసింది సార్” అంది సత్యకుమారి. ఆ మాట అనేటప్పుడు ఆమె ఎవరి మొహమూ చూడలేదు.

గోపి పత్రం అచ్చువేశాడు. అధికారి గారు సంతకం పెట్టారు. నంబరు కోసం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. “మీరు సూసారు కదా సార్. రోజూ సూసీవోరు” అంది మెల్లగా. నేను నంబరు వేశాను. ఆమె పత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని పరుగెత్తింది. జీపు అందింది. రైలు అందింది. సీటూ అందింది.

సోమవారం నాటికి నివేదిక పోయింది. సంఘం నిరంతర కృషి, సిబ్బంది భక్తిశ్రద్ధల ఫలితంగా రెండో సిస్టమ్ దానంతటదే లేచిందని అందులో ఉంది. సంఘంలోని మూడో సభ్యుడిగా నన్ను పాత తేదీతో నియమించి సంతకం తీసుకున్నారు. బయటివారు కంప్యూటర్‌కు ఆరడుగుల దూరంలో ఉండాలని గుమ్మానికి తాడు కట్టారు. “నిన్నగాక మొన్న లేచిన తల్లి ఇవాళ లేవదా? ఎవరూ ముట్టుకోవద్దు. వేచి ఉందాం” అని వరహాలరావు గారు ఉపన్యసించారు. మేం చప్పట్లు కొట్టాం.

తాడు అవతల బెంచీ మీద పత్రాల కోసం వచ్చిన వాళ్లు తొమ్మిది మంది. చివరన బుధు, అతని ఒళ్లో స్కూలు బట్టల్లో కూతురు. పది గంటలకు మంగ్లు స్విచ్చి వేశాడు. నల్ల తెర, తెల్ల లైన్లు, కింద పది, తొమ్మిది, ఎనిమిది. కీబోర్డు నా చేతికి జానెడు దూరంలో ఉంది. నొక్కితే నా సంతకమే అబద్ధమవుతుంది. బెంచీ మీద నుంచి ఆ చిన్నపిల్ల కళ్లార్పకుండా నా సగం తెరిచిన కన్నునే చూస్తోంది.

ఆ కన్ను కూడా మూసేశాను. కాసేపటికి సంగీతం వచ్చింది.