కిడ్నీ పుడ్డింగు సంగ్రామము

అఖండ జలధర మండల పరివృతమై, వేసవి యనియు శీతకాలమనియు భేదమెరుగక చినుకుల అభిషేకమొందు యార్క్‌షైర్ సీమయందు, స్కిప్టన్ పట్టణమున, రాతియిండ్ల వరుసలో పదునేడవ గుమ్మమున, ఒకానొక బుధవారము మధ్యాహ్నము ఒంటిగంటకు, ముప్పదియేండ్లు డబుల్‌డెక్కర్ బస్సును ఘాటురోడ్లపై నడిపిన సారథి శిఖామణి, విశ్రాంత వీరుడు, నార్మన్ థ్వైట్ మహాశయుడు ఫోర్కు చేతబూని, యెదుటనున్న కిడ్నీ పుడ్డింగును రెప్పవాల్చక చూచుచుండెను.

ఆ పుడ్డింగు సామాన్యమైనది కాదు. గొడ్డుమాంసమును కిడ్నీలను పిండిముద్దలో పొదిగి, గిన్నెకు గుడ్డ కట్టి, ఐదు గంటలు ఆవిరిపై ఉడికించి, పక్కింటి మ్యూరియల్ క్రాబ్‌ట్రీ మూడేండ్లుగా ప్రతి బుధవారము తెచ్చుచున్నది. తొలిసారి తెచ్చినది నార్మన్ తన భార్య హిల్డాను శ్మశానమునకు సాగనంపి వచ్చిన మరునాడు. ఆనాడతనికి రుచి తెలియదు, లోకము తెలియదు. ఏమనుచున్నాడో తెలియకయే "లవ్లీ" అనెను. ఆ యొక్క మాటకు నూట యేబదియారు పుడ్డింగుల శిక్ష పడెను. ఆమె యెదుట రెండు ముద్దలు మ్రింగుట, తక్కినది తరువాత తిందునని దాచుట, ఆమె గడప దాటగానే పెరటి గులాబీ మొదట పాతిపెట్టుట అతని నిత్యవ్రతమయ్యెను. గులాబీ మాత్రము ఏపుగా పెరిగి వీధి వీధిచేతను ముక్కున వ్రేలు వేయించెను.

ఇట్లుండగా మొన్నటి శుక్రవారము కంచె మీదుగా పిడుగు పడెను.

"ఏమయ్యా నార్మన్, నీకంత ఇష్టమైతే ఆదివారం కూడా తెస్తాలే."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ!"

"శ్రమేముందయ్యా, పొయ్యి మీద దాని మానాన అదే ఉడుకుతుంది."

ఆ సీమలో "మీకెందుకండీ శ్రమ" యనుటయే కాళ్లావేళ్లా పడుట. అంతకుమించి వేడుకొనుట అతనికి చేతకాలేదు.

కావున నేటి ఉదయమున గడ్డము గీసికొనుచు, అద్దము నెదుట సబ్బు నురుగు సాక్షిగా నార్మన్ ఇట్లు గర్జించెను: "ఓరీ జిహ్వా! మంచుగడ్డలపై రెండంతస్తుల రథము నడిపినప్పుడు వణకని వాడను, ఒక ముసలమ్మ గిన్నెకు వణకుదునా? నేడు నిజము పలుకుదును. పలుకనినాడు ఈ ఫోర్కు ముట్టను!"

అతని సైన్యము తక్కువదియా? రోత పుట్టించు వాటిని తూలనాడుటకు ఆ సీమవారికున్నన్ని విశేషణములు వేరొకరికి కలవో లేవో! ఆఫుల్, హారిబుల్, డ్రెడ్‌ఫుల్, గాస్ట్‌లీ, రివోల్టింగ్ మొదలగు మహాయోధులు నిత్యము వానమీదను, ఆలస్యమైన రైలుమీదను, పలుచని టీమీదను కత్తులు దూసి ఆరితేరినవారే. కాని వండినవారి ముఖము నెదుట వారిలో ఒక్కడును ఒరనుండి కత్తి తీసి యెరుగడు. అది అక్కడి మర్యాద. ఆ మర్యాదకు కడుపులు బలియగుచుండును.

నార్మన్ భయము మర్యాద గూర్చి మాత్రమే కాదు. ఆ వంటింట అతని కెదురుగా కూర్చుండి అరగంట కబుర్లు చెప్పునది లోకమున మ్యూరియల్ ఒక్కతెయే. ఆమె యలిగినచో పుడ్డింగుతో పాటు బుధవారమును పోవును.

"ఎలా ఉందయ్యా ఇవాళ?" అని యెదుట కూర్చున్న మ్యూరియల్ టీ కప్పు చేతబట్టి అడిగెను.

అంతట రణభేరి మ్రోగెను. హారిబుల్ దంతద్వారము దాక దూకి, ఆవిరికి కందిన ఆమె వ్రేళ్లను చూచి, సిగ్గుపడి వెనుదిరిగెను. గాస్ట్‌లీ గొంతున చిక్కుకొనెను. రివోల్టింగ్ మూర్ఛపోయెను. సందు చూచి పాతకాపు లవ్లీ పెదవులపైకి ప్రాకుచుండగా, నార్మన్ పండ్లు బిగించి దానిని అడ్డగించెను. ఆ సందడిలో, సేన చిట్టచివర నున్న, ఎవ్వరును లెక్కచేయని ఒక బక్క సిపాయి, 'కొంచెం' అను డాలు చాటున, బయటికి నడిచి వచ్చెను.

"కొంచెం... కొంచెమేనండీ... ఈవేళ కాస్త... చ్యూయీగా ఉన్నట్టుంది."

నమలగా నమలగా సాగునని దాని భావము. అన్యదేశములలో దీనికి ఈగయైనను కదలదు. స్కిప్టన్‌లో మాత్రము గోడ గడియారము సైతము నిలిచినట్లయ్యెను.

మ్యూరియల్ కప్పు దించెను. "ఏమన్నావ్?"

"ఏం లేదండీ, నా పళ్లే..."

"మళ్లీ అనవయ్యా!"

"సాగుతోందండీ! పాత బూటు నమిలినట్టుంది!"

"హమ్మయ్య!" అని మ్యూరియల్ కుర్చీలో వెనుకకు వాలెను. "మూడేళ్లు పట్టిందయ్యా నీకు! ఆసుపత్రిలో హిల్డా నా చెయ్యి పట్టుకుని చెప్పింది: 'మా ఆయన దిగుల్లో ఉంటే అన్నీ లవ్లీ అంటాడు మ్యూరియల్. దేనికో ఒకదానికి వంక పెట్టేదాకా ఆయన్ని వదలకు' అని. నేనేమో ఉప్పు మానేశాను. ఉల్లిపాయ మానేశాను. మొన్న క్రిస్మస్ నుంచీ ఆ కిడ్నీలు సరిగ్గా కడగను కూడా కడగట్లేదు. అయినా లవ్లీయే! నాకసలు దాని వాసనే పడదు."

నార్మన్ నవ్వబోయి ఏడ్చెను. హిల్డా తన్ను అంతగా ఎరిగియుండెను. పోవుచు పోవుచు తనకై కాపలా పెట్టి పోయెను. అతడు చేతిరుమాలు వెదకి, దొరకక, బల్లపై గుడ్డతోనే కండ్లు తుడుచుకొనెను.

"అయితే... ఇక మీరు రారా అండీ?"

"పుడ్డింగు రాదు. నేనెందుకు రానయ్యా? ఆదివారం నువ్వే వెళ్లి చేపలూ చిప్సూ పట్టుకురా. వెనిగర్ దండిగా పోయించు."

"లవ్లీ" అనెను నార్మన్. మూడేండ్లలో ఆ మాట నిజమగుట అదియే మొదలు.

ఇట్లు ఒక్క చ్యూయీ చేత, అదియును 'కొంచెం' తోడుగా, నూట యేబదియారు పుడ్డింగుల మహాసైన్యము నేలగూలెను. థ్వైట్ వంశ వంటిల్లు విముక్తమయ్యెను! దిక్కులు పిక్కటిల్ల జయఘోష చేయదగినదే గాని, ఇరుగుపొరుగు మధ్యాహ్నపు కునుకు చెడునని ఎవరును చేయలేదు.

మరుసటి వేసవికి గులాబీ చిక్కి శల్యమయ్యెను. "అయ్యో, దీనికేమైందయ్యా?" అని మ్యూరియల్ కంచె మీదుగా అడిగెను. నార్మన్ ఆకాశము వైపు చూచి, ఏమాత్రము తడబడక, "వానలండీ. డ్రెడ్‌ఫుల్" అనెను.