వెనక గోడకు గొట్టం

వెర్మాంట్ కొండల్లోని హాస్కెల్ గోర్ గ్రామంలో నవంబరు ఒకటో తేదీకి ముందు ఎవరికీ చలి వేయదు. ఇది చట్టం కాదు. చట్టమైతే ఎవరో ఒకరు ఉల్లంఘించేవారు. ఇది ఆనవాయితీ. అక్టోబరు వచ్చేసరికి కిటికీ అద్దాలకు లోపలివైపు మంచు పడుతుంది. పిల్లలు చేతి తొడుగులతో పియానో నేర్చుకుంటారు. అయినా చలి వేయదు. గడువుకు ముందే ఇల్లు వేడి చేసుకున్నవారిని ఊరు పల్లెత్తు మాట అనదు. దుకాణంలో కాఫీ దగ్గర, "ఒంట్లో ఎలా ఉంది?" అని మాత్రం పరామర్శిస్తుంది. అలా పరామర్శ అందుకున్న ఒక కుటుంబం ఇల్లు అమ్ముకుని ఫ్లోరిడా వెళ్ళిపోయింది. దాన్ని ఇప్పటికీ రోగిష్టి ఇల్లనే అంటారు.

అందరికంటే ఆలస్యంగా ఇల్లు వేడి చేసుకున్నవారికి మార్చిలో జరిగే ఊరి సభలో ఒక ఉన్ని టోపీ బహూకరిస్తారు. టోపీకి చిమ్మటలు పట్టాయి. దాన్ని ఉతకడం నిషిద్ధం. కొన్నేళ్ళుగా అది హోలిస్ పెల్కీ ఇంట్లో, చలిమంట పొయ్యి పైన మేకుకు వేలాడుతోంది. ఆ పొయ్యి వెలగదు కాబట్టి టోపీకి ప్రమాదం లేదు.

ఆ ఏడు సెప్టెంబరు చివర పెల్కీల నేలమాళిగలో ఇంటికీ నీళ్ళకీ వేడినిచ్చే పాత నూనె బాయిలర్ పగిలింది. ఈసారి కూడా టోపీ మనదేనని హోలిస్ సంతోషించాడు. అతని భార్య వెర్నా సంతోషించలేదు. వేసవిలో ఆమెకు తుంటి ఎముక మార్చారు. రోజూ పొద్దున అరగంట వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటే తప్ప కాలు సాగదని, సాగకపోతే ఇక జీవితాంతం చేతికర్రేనని డాక్టరు చెప్పాడు. బాయిలర్ పగిలిన దగ్గరనుంచి ఆమె కెటిల్‌తో నీళ్ళు కాచి తొట్టిలో పోసుకుంటోంది. ఆఖరి కెటిల్ మరిగేసరికి మొదటి కెటిల్ నీళ్ళు చల్లారిపోతున్నాయి.

"కొత్తది కొనాల్సిందే," అంది వెర్నా.

"కొనొద్దని ఎవరన్నారు? తొందరెందుకు, నవంబరు దాకా ఆలోచిద్దాం."

"అప్పటికి నేను కొయ్యబారిపోయి ఉంటా. నన్నూ ఆ మేకుకే తగిలించు, టోపీ పక్కన."

ప్రొపేన్ గ్యాసు కంపెనీ మనిషి డ్వేన్ పక్క పట్నం నుంచి వచ్చాడు. టేపు తీసి గదులు కొలవబోయాడు. గోడలు ఎంత మందం, కిటికీలు ఎన్ని అని అడగబోయాడు. హోలిస్ చెయ్యెత్తి ఆపాడు.

"అవన్నీ తర్వాత బాబూ. దీని పొగ రోడ్డు మీదికి కనిపిస్తుందా?"

డ్వేన్ ఆశ్చర్యపోలేదు. టేపు జేబులో పెట్టుకుని, "వెనక గోడకేనా?" అన్నాడు. ఆ మాట అతని నోట్లో బాగా అరిగిపోయి ఉందని వెర్నా గమనించింది.

బాయిలర్లు రెండు రకాలని డ్వేన్ వివరించాడు. ఒకటి పాత పద్ధతిది. సగం వేడి పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది. రెండోది పొగలోని వేడిని కూడా పిండుకుని, మిగిలిన ఆవిరిని గోడలోంచి ప్లాస్టిక్ గొట్టం ద్వారా బయటికి వదులుతుంది. గ్యాసు తక్కువ తాగుతుంది. ఇంటి వేడికీ వేడినీళ్ళకీ అదొక్కటే చాలు. చలి పొద్దుల్లో మాత్రం ఆవిరి తెల్లగా కనిపిస్తుంది.

"రెండోదే," అంది వెర్నా. "కుళాయి తిప్పితే వేడినీళ్ళు రావాలి. అంతే నాకు కావలసింది."

"ఆవిరి మీద పేరు రాసుంటుందా, ఇది ఇంటి వేడి కాదు, మా ఆవిడ స్నానం అని?" అన్నాడు హోలిస్. కానీ మొదటి రకం పొగను పొగగొట్టంలోంచి వదులుతుంది. ఊళ్ళో అందరూ చూసేది పొగగొట్టాలనే. కనుక వెనక గోడ గెలిచింది.

తర్వాత సైజు సంగతి వచ్చింది. రోడ్డవతలి రాయల్ థిబో ఇల్లు తమ ఇంటికంటే చిన్నది. అతని బాయిలర్ లక్షన్నరది. ఆ అంకె దేన్ని కొలుస్తుందో హోలిస్‌కు తెలియదు. తనకు రెండు లక్షలది కావాలన్నాడు.

"ఈ ఇంటికి అందులో సగం కూడా అక్కర్లేదండీ పెల్కీ గారూ. మరీ పెద్దదైతే కాసేపు మండుతుంది, ఆగుతుంది, మళ్ళీ మండుతుంది. గ్యాసు దండగ. మిషను కూడా తొందరగా పాడైపోతుంది."

హోలిస్ చలించలేదు.

"మండినప్పుడల్లా గుప్పుమని ఒక మబ్బు బయటికొస్తుంది," అన్నాడు డ్వేన్.

"మరి చిన్నదైతే?"

"సన్నగా, నెమ్మదిగా."

"చిన్నదే ఇవ్వు."

ఈ విధంగా హోలిస్ పెల్కీ తన ఇంటికి సరిగ్గా సరిపోయే బాయిలర్‌ను ఎంచుకున్నాడు.

బిగించిన మర్నాడు పొద్దున వెర్నా కుళాయి తిప్పి, మెడ దాకా వేడినీళ్ళలో మునిగి కళ్ళు మూసుకుంది. కాలు కాస్త సాగుతున్నట్టు అనిపించింది. అంతలో కిటికీ అవతల హోలిస్ గొంతు వినిపించింది. "ఆపవే! గాలి తిరిగింది. ఆవిరి ఇంటికప్పు దాటిపోయింది!"

ఆమె తువ్వాలు చుట్టుకుని కిటికీలోంచి చూసింది. రోడ్డు మీద రాయల్ తన కుక్కతో నిలబడి ఆకాశం పరిశీలిస్తున్నాడు.

"ఏరా హోలిస్," అన్నాడు రాయల్, "వెర్నాకి ఒంట్లో ఎలా ఉంది?"

హోలిస్ అటూ ఇటూ చూశాడు. కొట్టంలో గోడకు ఆనించిన పాకం పెనం అతని కంటపడింది. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ అలాంటిది ఒకటుంటుంది. మంచం అంత పొడవుంటుంది. మార్చిలో మేపుల్ చెట్ల రసం అందులో పోసి కాచి పాకం తీస్తారు.

"పెనం పరీక్షిస్తున్నా. ఆవిరి దానిదే," అన్నాడు హోలిస్.

"అక్టోబరులోనా?"

"చిల్లులుంటే ముందే తెలియాలి కదరా."

రాయల్ పెనం వైపు చూశాడు. అది ఖాళీగా, చల్లగా, గోడకు ఆనుకుని ఉంది. "నాదీ చూసుకోవాలి," అని కుక్కను లాక్కుని వడివడిగా ఇంటికి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి రోడ్డుకు రెండువైపులా పెనాలు మరుగుతున్నాయి. వారం తిరిగేసరికి ఊరంతా మరిగింది. మేపుల్ చెట్టు ఒక్కటీ లేని పాస్టరు గారు బట్టలు ఉడకబెట్టే గంగాళం తెచ్చి చర్చి ముందు పెట్టించారు. ఆదివారం ముందుజాగ్రత్త గురించి ప్రసంగించారు. చలికాలానికి దాచుకున్న కట్టెలు ఉత్త నీళ్ళ కింద తగలబడ్డాయి. జనం పెనాల చుట్టూ చేరి చేతులు చాపి నిలబడ్డారు. చలి వేసి కాదు, పరీక్షించడానికి.

చన్నీళ్ళు మరగడానికి చాలాసేపు పడుతోందని హోలిస్ కొత్త బాయిలర్ వేడినీళ్ళ కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, వాకిట్లోకి లాగి, పెనంలో వదిలాడు. బాయిలర్ చిన్నది. ఒకేసారి రెండు చోట్లకు నీళ్ళు అందించలేదు. స్నానాల గదిలో వెర్నా కుళాయి తిప్పితే చన్నీళ్ళు వచ్చాయి. ఆమె స్నానాన్ని దాచడానికి పెట్టిన పెనమే ఆమె స్నానపు నీళ్ళు తాగేస్తోంది.

నాలుగు రోజులు ఆమె ఓర్చుకుంది. ఐదో రోజు మంచం దిగబోతే కాలు కదల్లేదు. గోడ పట్టుకుని, రాత్రి గౌను మీదే, కర్ర ఊతంతో వాకిట్లోకి నడిచింది. పెనంలోంచి గొట్టం పీకి, పక్కనున్న ఆవుల కుడితి తొట్టిలో పెట్టింది. నిండేదాకా ఆగి, గౌనుతోనే అందులో దిగి కూర్చుంది. రోడ్డుకు ఎదురుగానే.

కుక్కతో వచ్చిన రాయల్ ఆగిపోయాడు.

"వెర్నా, ఏం చేస్తున్నావ్?"

"స్నానం."

"ఆరుబయటా? ఈ మంచులో?"

"లోపల ఉక్కపోస్తోంది," అంది వెర్నా. అది నిజం. ఇల్లు వేడెక్కి చాలా రోజులైంది.

రాయల్ తన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

మార్చిలో ఊరి సభ జరిగింది. ఉన్ని టోపీని ఏకగ్రీవంగా వెర్నాకే ప్రకటించారు. సభాధ్యక్షురాలు ఆగస్టా విట్కమ్ లేచి కళ్ళద్దాలు సవరించుకుంది.

"మన పూర్వీకులు చలిని సహించారు. మనం చలిని గుర్తించలేదు. కానీ వెర్నా పెల్కీ చలిలో స్నానమాడింది. మన సంస్కృతి ఆ కుడితి తొట్టిలో నిలిచి ఉంది."

వెర్నా కర్ర లేకుండా వేదిక ఎక్కింది.

"ఆ నీళ్ళు వేడివే," అంది. "మా బాయిలర్ అక్టోబరు నుంచి నడుస్తోంది. మీవీ నడుస్తున్నాయి. అందరి వెనక గోడలకీ గొట్టాలు పెట్టింది ఒక్కడే. అదుగో, వెనక వరసలో సభ విందు బీన్స్ తింటున్నాడు."

సభ యావత్తూ వెనక్కి తిరిగి చూసింది. డ్వేన్ తన బీన్స్‌లోకి చూసుకున్నాడు. గది వెచ్చగా ఉంది.

"శ్రీమతి పెల్కీ హాస్యచతురతను సభ అభినందిస్తోంది," అంది ఆగస్టా. రాయల్ బలపరిచాడు. తీర్మానం నెగ్గింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హోలిస్.

మరుసటి అక్టోబరు మొదటి రోజునే హాస్కెల్ గోర్‌లో ప్రతి వాకిట్లోనూ ఒక కుడితి తొట్టి వెలిసింది. తొట్టికొక మనిషి. తొట్టిలోకి వెనక తలుపు సందులోంచి ఒక రబ్బరు గొట్టం. అటు ఇల్లు, ఇటు తొట్టి వేడెక్కాలంటే చిన్న బాయిలర్లు చాలవని డ్వేన్ అందరికీ రెండు లక్షలవి అమర్చాడు. పెల్కీలది మాత్రం ఆ చిన్నదే. ఊరంతా ఆరుబయట మెడల దాకా మునిగి పరస్పరం నమస్కరించుకుంటోంది. ఇళ్ళు లోపల వెచ్చగా, ఖాళీగా ఉన్నాయి.

హోలిస్ ఉన్ని టోపీ పెట్టుకుని తమ తొట్టిలో కూర్చున్నాడు. వెర్నా తలుపు మూసింది. అతని తొట్టికి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని కుళాయి నుంచి ఊడదీసింది. స్నానాల గదిలో తన తొట్టి నింపుకుని దిగి, కాలు పూర్తిగా చాపింది. వెనక గోడ గొట్టంలోంచి ఆవిరి లేచి, ఇంటికప్పు దాటి, తెల్లగా రోడ్డు మీదికి సాగింది. అటు ఎవరూ చూడలేదు. ప్రతివాడూ పక్కవాడి తొట్టిలోకి చూస్తున్నాడు.

"ఏరా హోలిస్," రోడ్డవతలి తొట్టిలోంచి రాయల్ కేక వినిపించింది. "ఒంట్లో ఎలా ఉంది?"

"బ్ర-బ్ర-బ్రహ్మాండంగా ఉందిరా," అన్నాడు హోలిస్.